చిక్కడం

బాలరాట్‌లో జూలై.
వెండూరీ సరస్సు మీద మంచు
మీగడ కట్టినట్టు కదలదు.
ఆసుపత్రి వెనక గదిలో గురువారం సాయంత్రం
ఐదుగురు పిల్లలు, ఐదు ఫోన్లు,
ఒక తూకం మిషను.
దాని మొహాన్ని నేనే గోడకి తిప్పాను.

మొదటిరోజే చెప్పాను.
గ్రూపులో మొహాలొద్దు, నడుములొద్దు,
అంకెలు అసలే వద్దు.
నడిచిన రోజు బూట్ల ఫోటో పెట్టండి, చాలు.

టామ్సిన్ కనుబొమ్మ ఎగరేసింది.
"మొహం లేకుండా లైకు దేనికి కొడతారు శశీ?"
"దారికి" అన్నాను.
నోటికొచ్చి అన్నమాట,
నాకే అంత నమ్మకం లేదు.

మా భాషలో లావయితే ఒళ్ళు చేశావంటారని చెప్పాను.
కూర చేసినట్టు, లెక్క చేసినట్టు
అదీ ఒక పనైనట్టు.
"అయితే నేను బాగా కష్టపడ్డాను"
కీరన్ చేతులు దులుపుకున్నాడు.
ఆ గది మొదటిసారి నవ్వింది.
సన్నబడితే చిక్కావంటారు.
వలలో పడ్డా అదే మాట.
అది మాత్రం చెప్పలేదు.

మొదటి వారం మూడే ఫోటోలు.
ఒకటి డబ్బాలోంచి తీయని కొత్త జత.
తర్వాత
నల్లహంస రెట్ట పక్కన అజాక్ ఎడమకాలు,
ట్రామ్ పట్టాల మధ్య బురద,
చిప్స్ కొట్టు గుమ్మంలో
బయటివైపు తిరిగిన రెండు బూట్లు.
వాటికి నాలుగు హృదయాలు, ఒక కోడిపుంజు.
కోడిపుంజు ఎందుకో ఎవరూ అడగలేదు.

ఓ రాత్రి రెండింటికి
ఫ్రిజ్ వెలుగులో వట్టి పాదాలు. బ్రోనీవి.
ఎవరూ ఏమీ రాయలేదు.
కాసేపటికి దుప్పటి కిందివి ఒక జత,
స్నానాలగది గచ్చు మీద ఇంకో జత,
అలా నిద్రపట్టని కాళ్ళన్నీ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాయి.
తెల్లవారి చూసుకుని నావీ పెట్టాను.
"కాలివేళ్ళకి కూడా ఉంగరాలా!" అంది బ్రోనీ.
ఆ మధ్య ఆమె రాసిన మొదటి మాట అదే.

చిన్నప్పుడు మా మేనత్త నన్ను గుమ్మడిపండనేది.
ఫోన్లు లేని కాలం,
ఆ పేరు మా వీధి మలుపు దాకా వెళ్ళి అలిసిపోయింది.
వీళ్ళ పేర్లకి అలుపు లేదు.

మూడు గురువారాలు టామ్సిన్ రాలేదు.
నాలుగో వారం వచ్చింది,
కోటు ఆమెకంటే ముందు గదిలోకొచ్చింది.
బుగ్గలు లేవు.
వాళ్ళమ్మ మెరిసిపోతోంది, "చూశారా!" అంటోంది.
చూశాను.
చిక్కింది.
నా రెండు అర్థాలూ ఒకే కుర్చీలో కూర్చున్నాయి.

"మిషను ఇటు తిప్పు శశీ."
తిప్పలేదు.
ఫోను నా చేతిలో పెట్టింది.
మరెక్కడో, మరో పేరుతో,
ఆమె మెడ ఎముక కింద వేల హృదయాలు.
"మీ గ్రూపులో ఐదుగురే కదా."
తిరిగి ఏమనాలో
నాకు ఏ భాషలోనూ తట్టలేదు.

డాక్టరుకి చెప్పాను.
వాళ్ళమ్మతో గంటసేపు మాట్లాడాను,
అందులో అరగంట ఆవిడ మౌనం.
గ్రూపు నాలుగు రోజులు ఖాళీగా ఉంది.
నేను కట్టిన పందిరికి
పక్కనున్న పెనుగాలి కనబడలేదా అని
నన్ను నేను తిట్టుకున్నాను.

శనివారం పొద్దున్న ఒక ఫోటో.
ఎవరిదో గుమ్మం, తడిసిన పట్టా,
వరసలో నాలుగు జతల బూట్లు.
మధ్యలో ఒక జతకి సరిపడా చోటు.
కింద ఒక్క మాటా లేదు.

రెండు గీతలూ నీలమయ్యాయి.
జవాబు లేదు.
నా టీ మీద తొరక కట్టింది.

ఆనక కీరన్ నుంచి గొంతు కబురు, పదహారు సెకన్లు.
గాలి. మ్యాగ్‌పై అరుపు.
అజాక్ గుసగుస, "తోసుకోకండ్రా."
చివర్లో, లోపల్నుంచి,
తలుపు గొలుసు జారిన చప్పుడు.